కొండ మీద పద్నాలుగు అంకెలు

ప్రశ్న: మా నాన్నగారు ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలోని బైలదిలా ఇనుప గనుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో చుట్టిపెట్టిన మ్యాపు ఒకటి, కొన్ని నలుపు తెలుపు ఫొటోలు దొరికాయి. మ్యాపులో కొండ పొడవునా 1 నుంచి 14 దాకా అంకెలున్నాయి. తేదీ మాత్రం ఎక్కడా లేదు. ఆ అంకెలేమిటి? అది ఏ కాలం నాటిదో తెలుసుకోవచ్చా? మా అబ్బాయి లామినేషన్ చేయిద్దామంటున్నాడు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు లామినేషన్ సంగతి. దయచేసి చేయించకండి. ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది, ఒకసారి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. మ్యాపు గుడ్డలా మెత్తగా, నీలి ఛాయతో, కొంచెం పారదర్శకంగా ఉంటే అది ట్రేసింగ్ క్లాత్. దానికి గంజి పెట్టి ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడిచారంటే గీతలు కూడా పోతాయి. మామూలు కాగితం మీద ఊదా రంగు గీతలుంటే అది అమోనియా ప్రింట్. అది వెలుతురుకే వెలిసిపోతుంది, ఫ్రేము కట్టి హాల్లో తగిలించకండి. ఏదైనా సరే, నీడలో ఫ్లాష్ లేకుండా ఫొటో తీసి, చదునుగా పరిచి చీకట్లో ఉంచండి.

ఇక అంకెలు. ఇనుము కోసం ఆ కొండల్ని చూసినవాళ్లలో తొలితరం మనిషి ప్రమథనాథ్ బోస్. తర్వాత ఒడిశాలోని మయూర్‌భంజ్ ఇనుము గురించి 1904లో జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం రాసింది ఈయనే. అయితే బైలదిలాను వివరంగా మ్యాపు చేసింది మాత్రం 1930లలో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన క్రూక్‌షాంక్. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 40 కిలోమీటర్లు సాగే జంట కొండల మీద, ఖనిజం దండిగా ఉన్న పద్నాలుగు చోట్లను (వీటినే డిపాజిట్లు అంటారు) గుర్తించి వరుసగా నంబర్లు వేశాడు. అప్పటికి అక్కడ గనీ లేదు, రైలూ లేదు. కానీ ఆ నంబర్లే నిలిచిపోయాయి. 1968లో మొదలైన మొదటి గని పేరు డిపాజిట్ 14, 1977లో మొదలైనది డిపాజిట్ 5. మీ నాన్నగారు ఇంట్లో కూడా ‘ఫోర్టీన్’, ‘ఫైవ్’ అనే అని ఉంటారు.

ఆ మ్యాపులో ఊళ్ల పేర్లు తక్కువగా ఉన్నా, కొండలకు పేర్లే లేకపోయినా ఆశ్చర్యం లేదు. గీసినవాళ్లు వెతికింది ఖనిజాన్ని, దొరికింది రాసుకున్నారు. అక్కడుండే ఆదివాసీలకు మాత్రం ఆ కొండలకు పేర్లున్నాయి, దేవుళ్లున్నారు. 2019 జూన్‌లో గనుల దగ్గరి ఊరు కిరందుల్‌లో వేలమంది కూర్చుని ధర్నా చేసింది మీ మ్యాపులో 13 అని కనిపించే కొండ కోసమే. అది తమ నందరాజ్ దేవుడి కొండ అన్నారు. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించింది. అందుకే ఆ మ్యాపును అందంగా దాచుకోండి గానీ, ఆ కొండల గురించి చెప్పాల్సిందంతా అందులోనే ఉందనుకోకండి. నాకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. సర్వే ఆఫీసులో ఎత్తులు చూపే కాంటూర్ గీతలు గీస్తూ బతికినదాన్ని, గీత పడని చోట మనుషులు లేరని నమ్మేయడం ఎంత తేలికో నాకు తెలుసు.

కాలం తేల్చడానికి నాలుగు ఆనవాళ్లు చూడండి. మొదటిది రాజ్యం పేరు. బస్తర్ స్టేట్ (అంటే బస్తర్ సంస్థానం) అని ఉంటే 1948కి ముందు గీసినదాని నకలు. మధ్యప్రదేశ్ అని ఉంటే ఆ తర్వాతది. బస్తర్ జిల్లా నుంచి దంతెవాడ విడిపోయింది 1998లో, ఛత్తీస్‌గఢ్ వచ్చింది 2000లో. రెండోది శిఖరం పక్కనున్న ఎత్తు. నాలుగు వేల పైచిలుకు అంకె ఉంటే అడుగుల్లో రాసినట్టు, అంటే అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత షీటు ఆధారం. పన్నెండు వందల పైచిలుకు ఉంటే మీటర్లు, మెట్రిక్ పద్ధతి వచ్చాక గీసినది. మూడోది రైలు. జపాన్‌కు ఖనిజం పంపే ఒప్పందం 1960లో కుదిరాక కొత్తవలస–కిరందుల్ లైను వేశారు. అది చుక్కల గీతగా ఉందా, నిండు గీతగా ఉందా? చుక్కలైతే ఇంకా వేస్తున్న రోజులన్నమాట. ఇక నాలుగోది మూలలో సన్నగా ఉండే షీటు నంబరు. 65 ఎఫ్/2 లాంటిది కనిపిస్తే అసలు సర్వే షీటు వెతుక్కోవచ్చు. ఒక్క జాగ్రత్త: షీటు కింద సర్వే చేసిన ఏడాది వేరు, అచ్చేసిన ఏడాది వేరు. రైలు లేనంత మాత్రాన రైలు రాకముందు అచ్చేశారని కాదు.

ఫొటోల విషయానికొస్తే, రైలు కనిపిస్తే పైన కరెంటు తీగలున్నాయేమో చూడండి. ఆ లైనుకు విద్యుదీకరణ జరిగింది 1980ల మొదట్లో. తీగల్లేకపోతే అంతకు ముందుది. రైలు కన్నా నాకు ముఖ్యంగా అనిపించేది కొండ పైగీత. గని తవ్వేటప్పుడు పైనుంచి మెట్లు మెట్లుగా బెంచీలు కోసుకుంటూ దిగుతారు, దాంతో శిఖరం ఆకారమే మారిపోతుంది. తవ్వకానికి ముందు తీసిన ఫొటో మీ దగ్గర ఒక్కటున్నా, ఆ కొండ ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం అది. తవ్వని భాగంలో ఏదైనా నొక్కో గుట్టో గుర్తుపట్టి, ఇవాళ అదే చోట నిలబడి ఇంకో ఫొటో తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టగానే ఎంత పోయిందో కంటికే తెలుస్తుంది.

నాన్నగారితో పనిచేసినవాళ్లు విశాఖలో ఉంటే ఈ ఫొటోలు పట్టుకుని ఈ ఆదివారమే వెళ్లండి. ఎవరు, ఎక్కడ, ఏ షిఫ్టు అని వాళ్లు చెప్పినంతా వెనకాల మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, ఒత్తిడి ముందువైపు గాటుగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ప్రాజెక్టు కోసం బైలదిలా పాత శాటిలైట్ చిత్రాలు తీశాను. కొండల చుట్టూ అంతా ఎర్రగా ఉంది. అదంతా ఇనుప దుమ్మేనా?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: కాదమ్మా, అది అడవి. కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎరుపుగా చూపించే పద్ధతి అది. ఆకులు ఆ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి కాబట్టి చెట్లున్న చోటల్లా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మధ్యలో కొండ మీద తెల్లగా, నీలంగా గీరుకుపోయినట్టు కనిపించేదే గని. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితం కూడా. తొలి చిత్రాల్లో ఒక్కో చుక్క దాదాపు 80 మీటర్ల నేల, అందులో రోడ్లూ ఇళ్లూ వెతక్కు. అంతకు ముందు కాలం కావాలంటే అమెరికా నిఘా ఉపగ్రహాలు 1960 నుంచి 1972 దాకా తీసి, 1995లో బయటపెట్టిన ‘కరోనా’ అనే నిఘా పథకం ఫొటోల్లో ఆ ప్రాంతం పడిందేమో చూడు.

రెండు ఏళ్లను పోల్చేటప్పుడు నెల ఒకటే ఉండేలా చూసుకో. వానాకాలం మబ్బులు పోయాక నవంబరు, డిసెంబరు బాగుంటాయి. అక్కడి అడవి ఎండాకాలంలో చాలా మటుకు ఆకు రాలుస్తుంది. ఒక ఏడాది నవంబరు చిత్రం పక్కన ఇంకో ఏడాది ఏప్రిల్ చిత్రం పెడితే, రాలిన ఆకును కూడా గని ఖాతాలో రాసేస్తావు.