బీటీ పత్తిలో గులాబీ పురుగు: మందుకు అలవాటు పడిందా?

సందేహం: బీటీ పత్తి వేసి 105 రోజులైంది. కాయలు పైకి బాగానే ఉన్నాయి, పగలగొడితే లోపల గులాబీ రంగు పురుగు. మూడుసార్లు మందు కొట్టాను. పురుగు మందుకు అలవాటు పడిందని, రెండు మందులు కలిపి డోసు పెంచి కొట్టమని డీలర్ అంటున్నాడు. విత్తనమే నకిలీదని నా అనుమానం. ఏం చేయాలి?
– ఒక రైతు, ఉమ్మడి నల్గొండ జిల్లా

సలహా: విత్తనం మీద నింద వేయకముందు చేను చూడండి. బీటీ అంటే ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తి, పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకుంటుంది. శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు కనిపించడం లేదంటే బీటీ పనిచేస్తున్నట్టే. దాన్ని తట్టుకుంటున్నది గులాబీ పురుగు ఒక్కటే. మన దేశానికి బీటీ 2002లో వచ్చింది, రెండు జన్యువుల బీటీ-2 2006లో వచ్చింది. మొదటిది గులాబీ పురుగు మీద పనిచేయడం లేదని 2010 నాటికి గుజరాత్‌లో తేలింది. మరో నాలుగైదేళ్లలో రెండోదాన్నీ తట్టుకుంది.

ఇప్పుడు చేయాల్సింది: చేలో అక్కడక్కడ తిరిగి 20 పచ్చికాయలు కోసి చీల్చండి. కాయ అరల మధ్య గోడకు గుండ్రని రంధ్రం ఉంటే పురుగు ఒక అర తినేసి పక్క అరలోకి వెళ్లినట్టు. రెండు కాయల్లో బతికున్న పురుగు కనిపించినా, లింగాకర్షక బుట్టకు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టే బుట్ట) రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడినా మందు కొట్టాలి. లీటరు నీటికి ప్రొఫెనోఫాస్ 2 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల ద్రావణం. పది రోజులకు మళ్లీ అవసరమైతే ఎమామెక్టిన్ బెంజోయేట్ 0.5 గ్రా. థయోడికార్బ్ వద్దు. పేరు వేరైనా అదీ ప్రొఫెనోఫాసూ పురుగు నరాల్లో ఒకేచోట దెబ్బ కొడతాయి, మందు మార్చినట్టు కాదు. నవంబరుకు ముందు సింథటిక్ పైరిథ్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి మందులు) కొడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు ఒకటి రెండు రోజుల్లో కాయలోకి దూరిపోతుంది, ఆ తర్వాత ఎంత డోసు పోసినా దానికి తగలదు. మీ మూడు పిచికారీలు వృథా అయింది బహుశా ఇక్కడే. బుట్టలు చూడకుండా, డీలర్ చెప్పిన రోజున కొట్టి ఉంటారు.

ఇక ‘అలవాటు’ సంగతి. రోజూ కొంచెం తాగి ఓర్చుకోవడానికి అది కల్లు కాదు. బతికుండగా సంపాదించిన గుణం పిల్లలకు వస్తుందని 1809లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ రాశాడు. డీలర్ ఇంకా అక్కడే ఉన్నాడు. 1858లో ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్తలు డార్విన్, వాలెస్ చెప్పింది వేరు. పుట్టినవన్నీ ఒకేలా ఉండవు, పుట్టినవన్నీ బతకవు, తట్టుకున్నవాటి సంతతే నిలుస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన పుస్తకాన్ని డార్విన్ మొదలుపెట్టింది మనిషి పెంచే జంతువులు, మొక్కలతోనే. అందులో పావురాలకు పెద్దపీట. మంచి కంకి ఏరి మీరు విత్తనానికి దాచినట్టే, మందు కూడా ఏరుతుంది. లక్షల్లో ఏ కొన్నింటికో పుట్టుకతోనే తట్టుకునే జన్యువు ఉంటుంది. మిగతావి చస్తే ఆ కొన్నే జతకడతాయి. డోసు పెంచినా, రెండు మందులు కలిపినా ఏరివేత ఆగదు, ఇంకా గట్టిగా జరుగుతుంది. అమెరికా పండ్లతోటల్లో పొలుసు పురుగు సున్నం-గంధకం ద్రావణానికి లొంగడం లేదని అక్కడి కీటక శాస్త్రవేత్త మెలాండర్ 1914లోనే రాశాడు. అప్పటికి డీడీటీ లాంటి రసాయన పురుగుమందుల ఊసే లేదు.

తట్టుకునే గుణం పిల్లలకు ఎలా చేరుతుందో డార్విన్‌కు అందలేదు, మెండెల్ అనే శాస్త్రవేత్త బఠాణీ మొక్కలతో చేసిన ప్రయోగాలు చెప్పాయి: ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఆ లెక్కతో పుట్టిందే ఒకప్పుడు బీటీ విత్తనంతో పాటు వచ్చి, చాలామంది గట్టున పారేసిన నాన్ బీటీ (బీటీ జన్యువు లేని మామూలు పత్తి) ప్యాకెట్. 450 గ్రాముల బీటీతో 120 గ్రాములు ఇచ్చేవారు, చుట్టూ ఐదు వరుసలు వేయమని. అందులో పెరిగిన మామూలు పురుగు తట్టుకునే పురుగుతో జతకడితే పిల్లలకు ఆ జన్యువు ఒకటే వస్తుంది, ఒకటే ఉన్న పిల్ల బీటీ తిని చస్తుంది. శనగపచ్చ పురుగుకు కంది, శనగ కూడా తిండే. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు వేరే దిక్కు లేదు, కాబట్టి ఆ ఐదు వరుసలే మామూలు పురుగుకు ఆశ్రయం. పైగా మనవి హైబ్రిడ్లు. ఒక్కో బీటీ జన్యువు కాయలోని నాలుగు గింజల్లో సుమారు ఒకదానికి రాదు. పురుగు గింజ మారుతూ తింటుంది కాబట్టి అరకొర విషం తగిలి ఏరివేత ఇంకా వేగంగా సాగుతుంది. అరిజోనాలో 1996 నుంచి బీటీ వేసి, నాన్ బీటీ వరుసలు నిలబెట్టారు. పదేళ్లు పురుగు లొంగే ఉంది. 2006 నుంచి గొడ్డు రెక్కల పురుగుల్ని (జతకట్టినా పిల్లలు పుట్టనివాటిని) వదిలారు. 2018లో అమెరికా పత్తి చేలల్లో ఈ పురుగు లేదని ప్రకటించారు. ఇప్పుడు మన దగ్గర నాన్ బీటీ గింజలను అదే సంచిలో కలిపి ఇస్తున్నారు, వాటిని ఏరి పారేయకండి.

డిసెంబరు చివరికి పంట తీసేయండి. నాలుగు క్వింటాళ్ల ఆశకు మార్చి దాకా ఉంచితే పురుగుకు ఇంకో తరం ఇచ్చినట్టే. మేకల్ని తోలి మిగిలిన కాయలు మేపండి, మోళ్లను ష్రెడర్‌తో ముక్కలు చేసి దున్నేయండి. కట్టెను ఇంటి పక్క పొయ్యికోసం కుప్ప వేయొద్దు, కాయల్లో నిద్రపోయిన పురుగు జూన్‌లో అక్కడి నుంచే చేలోకి వస్తుంది.