జాతరలో కట్టిన చీర, నాటకంలో కట్టబోయే చీర

ప్రశ్న: నా వయసు 47. తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. కాలేజీలో ఉన్నప్పుడు నాటకాల్లో పాడేవాణ్ణి, పెళ్లయ్యాక మానేశాను. ఇప్పుడు మా ఊరి ఔత్సాహిక నాటక బృందం ఒకటి పాటలతో నడిచే హాస్య నాటకానికి నటులను ఎంపిక చేస్తోంది. అందులో గయ్యాళి అత్త వేషాన్ని మగవారి చేతనే వేయించాలని వారి ఆలోచన. కపిలతీర్థం వైపు నడకకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, నెల రోజులుగా స్నేహితుడి గదిలో సాధన చేస్తున్నాను. ఈ సంగతి ఎవరి ద్వారానో నా భార్యకు తెలిసింది. ‘ఈ వయసులో ఆడవేషం కట్టి నవ్వులపాలవుతారా? రేపు పిల్లకు సంబంధాలు చూడవద్దా?’ అని నిలదీసింది. వారం రోజులుగా మాటల్లేవు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. గంగమ్మ జాతరలో నేను చీర కట్టి మొక్కు తీర్చుకుంటాను, ఆ చీర కుచ్చిళ్లు సర్దేది కూడా నా భార్యే. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోతుందా? ఎంపికకు వెళ్లమంటారా, మానుకోమంటారా?

జవాబు: జాతర గురించి మీరు వేసిన ప్రశ్న పదునైనదే కానీ, దాన్ని మీ శ్రీమతి ముందు మళ్లీ వేయకండి. జాతరలో మీరు వేషం కట్టేది అమ్మవారి కోసం. ఆ రోజు ఊరంతా వేషాల్లోనే ఉంటుంది, మీ నడకా గొంతూ బాగున్నాయో లేదో తూచేవారు ఎవరూ ఉండరు. నాటకంలో వెలుగంతా మీ ఒక్కరి మీదే పడుతుంది, నవ్వించడమే మీ పని అవుతుంది, ఆ నవ్వు మధ్య ప్రేక్షకుల్లో కూర్చోవలసింది ఆవిడ. కనుక ఆవిడ అభ్యంతరం చీర మీద కాదని నాకు అనిపిస్తోంది. మొక్కులో ఆవిడకూ భాగం ఉంది. కుచ్చిళ్లు సర్దిన చేతులు ఆవిడవే. ఈ నాటకంలో మాత్రం ఆవిడకు దక్కింది ఒక అబద్ధం, అదీ పరాయివారి నోటి నుంచి తెలిసిన అబద్ధం. మీ ఉత్తరంలో నడక పేరు చెప్పి వెళ్లిన సంగతిని ఒక్క వాక్యంలో దాటేశారు. ఆవిడకు అసలు గాయం అక్కడే తగిలి ఉండవచ్చు. సంబంధాల మాట కోపంలో వచ్చినదే తప్ప, ఇంటర్ చదువుతున్న పిల్ల పెళ్లికి ఇప్పటినుంచే లెక్కలు వేసుకోనక్కరలేదు.

అందువల్ల ముందు క్షమాపణ చెప్పండి, అదీ వేషం కట్టాలనుకున్నందుకు కాదు, దాచినందుకు. రెండింటినీ కలిపి చెబితే ఆవిడ దాన్ని ‘ఇక నాటకం ఊసెత్తను’ అన్న మాటగా తీసుకుంటారు, మీరు మళ్లీ ఎత్తిన రోజున రెండోసారి మోసపోయానని అనుకుంటారు.

ఆడవేషం అవమానమన్న మాటకు చరిత్ర వేరే సమాధానం చెబుతుంది. సత్యభామ వేషంతో తెలుగువారి మనసుల్లో నిలిచిపోయిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లకు ఆడే భారతం వీధి నాటకాల్లో ద్రౌపది వేషం కట్టిన మగవారిని ఊరు గౌరవంగానే చూసింది. అయితే ఇదే రంగస్థలం మీద బళ్లారి రాఘవ వంటి మహానటుడు స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు, అది కూడా మరవకూడదు. కాబట్టి ఆ బృందాన్ని మీరు ఒక మాట అడిగి తీరాలి: ఈ అత్త పాత్రలో నవ్వు దేని వల్ల పుడుతుంది? చీర కట్టిన మగవాణ్ణి చూడగానే నవ్వాలన్నదే వారి ఆలోచన అయితే మీ శ్రీమతి జంకులో న్యాయం ఉంది, నేనైనా వద్దనే అంటాను. అలా కాక ఆ అత్త మాట విరుపులో, పాట మధ్యలో తగిలించే చురకలో నవ్వు ఉంటే అది నటుడి పని, దానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. వీలైతే ఆ సంభాషణల ప్రతిని ఇంటికి తెచ్చి ఆవిడను చదవమనండి, కోడలి మాటలు ఆవిడ చదువుతుంటే అత్త మాటలు మీరు చదవండి. ఆవిడకు నవ్వు రాకపోతే ఆ సంగతి మీకు ఎంపికకు ముందే తెలియడం మంచిది.

ఎంపిక రోజుకు సంబంధించి రెండు మూడు మాటలు. పద్యనాటకం అలవాటున్నవారు హాస్య నాటకంలో చేసే పొరపాటు రాగం తీయడం. ‘వన్స్‌మోర్’ల కాలపు ఆలాపన ఇక్కడ పనికిరాదు. పల్లవి, ఒక చరణం చాలు, ప్రతి మాటా చివరి వరుసకు తెలియాలి. ఆడగొంతు అనుకరించాలని ఐదున్నర శ్రుతికి ఎగబాకి గొంతు చించుకోకండి. మీకు హాయిగా పలికే శ్రుతిలోనే పాడి, గయ్యాళితనాన్ని ఉచ్చారణలో చూపండి. అప్పటికప్పుడు చేతికిచ్చిన సంభాషణ చదివించడమూ, నాలుగు అడుగులు వేయించడమూ ఉంటాయి, వాటికి భయపడనక్కరలేదు. కోడలు వేసే అమ్మాయి ఎత్తుకూ గొంతుకూ మీరు జత కుదరకపోయినా వేషం చేజారవచ్చు, కనుక ఫలితం ఎలా వచ్చినా అదే రోజు ఇంట్లో చెప్పండి. రాకపోతే చెప్పనక్కరలేదు కదా అన్న ఆలోచనే మిమ్మల్ని కపిలతీర్థం దాకా నడిపించింది.

ఇక వెళ్లాలా, మానాలా అంటే, వెళ్లండి. ఎంపికలో నిలబడటానికి 47 ఏళ్ల మనిషి ఎవరి అనుమతీ తీసుకోనక్కరలేదు. కానీ వేషం దొరికితే వారాల తరబడి సాయంత్రాలన్నీ రిహార్సల్సుకు పోతాయి. పరీక్షల ఏడాదిలో అమ్మాయిని ట్యూషన్ నుంచి ఎవరు తీసుకురావాలి, రాత్రి భోజనాల వేళ ఎలా సర్దుకోవాలి అన్నవి మాత్రం మీ ఒక్కరి నిర్ణయాలు కావు. ఆ సాయంత్రాలను ఆవిడతో కూర్చుని లెక్క వేయండి, లెక్కలు మీ వృత్తే కదా. అప్పటికీ ఆవిడ మనసు ఒప్పుకోకపోతే, అదే నాటకంలో మామ వేషమో పొరుగింటాయన వేషమో ఖాళీగా ఉందేమో బృందాన్ని అడగండి.