వెళ్ళిపోయిన గిటారిస్టు మీదే అంత కోపమెందుకు?

ప్రశ్న: నా వయసు 20. తొమ్మిదో తరగతిలో నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి ప్రోగ్రెసివ్ రాక్ (తాళాలు మారుతూ పొడుగ్గా సాగే రాక్ సంగీతం) బ్యాండ్ పెట్టుకున్నాం. నేను కీబోర్డ్. నాలుగేళ్ళు నడిచింది, జనం ముందు వాయించింది మాత్రం మూడుసార్లే. మధ్యలో తాళం లెక్కలు కుదరక డ్రమ్మర్ మానేస్తే, బేస్ వాయించేవాడి కజిన్‌ని పెట్టుకుని 17 నిమిషాల పాట ఒకటి రికార్డు చేస్తున్నాం. ఇంక 12 రోజుల్లో షో ఉందనగా, యూనివర్సిటీలో సీటు వచ్చిందని గిటారిస్టు వెళ్ళిపోయాడు. "నీకు మ్యూజిక్ అంటే టైంపాస్" అని వాళ్ళ నాన్న ముందే అనేశాను. 14 నెలలుగా మాటల్లేవు, నేను కీబోర్డ్ మీద కప్పిన దుప్పటి కూడా తియ్యలేదు. మొన్న "ఆ పాట ఏమైందిరా?" అని మెసేజ్ పెట్టాడు. జవాబివ్వలేదు. వాడి భాగాలు తీసేసి వేరే గిటారిస్టుతో వాయించి రిలీజ్ చేద్దామనుకుంటున్నా. "పిల్లలాట కోసం ఎన్నాళ్ళు ఏడుస్తావు" అంటుంది అమ్మ. ద్రోహం చేసినవాణ్ని క్షమించాలా?

జవాబు: మీరు రాసిన పెద్ద ఉత్తరాన్ని పైన బాగా కుదించాను. అసలు ఉత్తరంలో గిటారిస్టు గురించి దాదాపు రెండు పేజీలు రాశారు, డ్రమ్మర్ గురించి ఒకే ఒక్క వాక్యం. నేను అక్కడే ఆగిపోయాను. బ్యాండ్ నుంచి మొదట వెళ్ళిపోయింది అతనే కదా, మరి ద్రోహి అన్న ముద్ర అతనికి ఎందుకు పడలేదు? నాకు తోచింది చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అతను వెళ్తే మీ పాట ఆగలేదు, పైగా లోపల కొంచెం తేలికపడ్డారేమో కూడా. గిటారిస్టు వెళ్తే పాట ఆగిపోయింది. అంటే మీరు ద్రోహాన్ని కొలుస్తున్నది ఎవరు వదిలి వెళ్ళారన్న దాన్నిబట్టి కాదు, ఎవరు వెళ్తే మీ పని చెడిందన్న దాన్నిబట్టి.

అలాగని మీ బాధ ఉత్తదని అనను. అమ్మ పిల్లలాట అంటే మీకు మండడంలో తప్పు లేదు. పాటలో ఏడు మాత్రల (తాళంలో ఏడు లెక్కల) భాగం ఎంతకీ కుదరక, గది తలుపు వేసుకుని, నోటితో "తకిట తకధిమి, తకిట తకధిమి" అనుకుంటూ తొడల మీద చరుచుకుంటూ గంటన్నర కూర్చున్నామని, చివరికి అందరూ ఒక్కసారిగా వచ్చి సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడేసరికి బేస్ వాయించేవాడు నవ్వాపుకోలేక వెనక్కి పడి ఆంప్లిఫయర్ వైరు పీకేశాడని రాశారే, అలాంటి రోజు పోతే మనిషి ఏడవకుండా ఎలా ఉంటాడు? ఎవరైనా చనిపోతే ఇంటికొచ్చి పలకరిస్తారు, బ్యాండ్ పోతే పలకరించేవాళ్ళు ఉండరు. ఉన్న తేడా అంతే.

పైగా ఈ సంగీతం తీరే అలాంటిది (మా తమ్ముడికి ప్రోగ్రెసివ్ రాక్ పిచ్చి, దాంతో నాకూ కొంత అంటుకుంది). మూడు కార్డ్‌లతో (కలిపి మీటే స్వరాలతో) అయిపోయే మామూలు పాటయితే కొత్త గిటారిస్టు వారంలో నేర్చేసుకుంటాడు. 17 నిమిషాల్లో తాళం నాలుగైదుసార్లు మారే పాటని నలుగురూ ఒకళ్ళ వాయింపు తీరు చూసుకుని ఒకళ్ళు కట్టుకుంటారు, అందులోంచి ఒకణ్ని తీస్తే పెద్ద కన్నం పడుతుంది. దానికి తోడు స్కూల్ బ్యాండ్‌. పదిహేనేళ్ళప్పుడు నలుగురికీ ఒకటే టైంటేబుల్, పద్దెనిమిది వచ్చేసరికి ఎవరి దారి వాళ్ళదే, అది మీలో ఎవరి తప్పూ కాదు.

ఇది మీకొక్కరికే జరిగిందా అంటే, లండన్‌లో 1968లో ఒకే స్కూల్లో చదివిన స్టీవ్ హిల్లేజ్, డేవ్ స్టీవర్ట్, మాంట్ క్యాంప్‌బెల్ కలిసి, డ్రమ్మర్‌ని బయట నుంచి తెచ్చుకుని, యూరియల్ అని ఒక బ్యాండ్ పెట్టారు. అదే ఏడాది హిల్లేజ్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు, అచ్చం మీవాడిలాగే. మిగిలిన ముగ్గురూ గిటార్ లేకుండానే ఎగ్ అనే పేరుతో వాయించుకున్నారు. మరుసటి ఏడు అతన్ని పిలిచి, మారుపేర్లు పెట్టుకుని నలుగురూ ఒక ఆల్బమ్ రికార్డు చేసేశారు. 1972లో హిల్లేజ్ కొత్త బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించింది ఎవరనుకున్నారు, ఆ స్టీవర్టే. జెనెసిస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ కూడా స్కూల్ స్నేహితులదే. గిటారిస్టు ఆంథనీ ఫిలిప్స్ 1970లో ఒంట్లో బాగోక, స్టేజ్ భయం తట్టుకోలేక మానేస్తే, అసలు బ్యాండ్ ఉంచాలా వద్దా అన్నదాకా వచ్చింది. అదే ఫిలిప్స్ 1977లో తన మొదటి సోలో ఆల్బమ్ తెస్తే దాంట్లో జెనెసిస్‌లోని పాత స్నేహితుడు మైక్ రూథర్‌ఫర్డ్ వాయించాడు, ఫిలిప్స్ వెళ్ళాకే బ్యాండ్‌లో చేరిన ఫిల్ కాలిన్స్ పాడాడు. మీరూ మళ్ళీ కలిసి వాయిస్తారని నేను హామీ ఇవ్వలేను. బ్యాండ్ వదిలిపెట్టడమూ స్నేహితుణ్ని వదిలిపెట్టడమూ ఒకటే అనుకుని ఉంటే మాత్రం వీటిలో ఏదీ జరిగేది కాదు.

షోకి 12 రోజుల ముందు చెప్పడం మాత్రం అతని తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను. సీటుకి దరఖాస్తు పెట్టినప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదో మీరే ఆలోచించండి. డ్రమ్మర్ వెళ్ళాక ఆ గదిలో అతని గురించి ఏమేం మాట్లాడుకున్నారో గిటారిస్టు విన్నాడు కదా. రేపు నా గురించీ ఇవే మాటలు అనుకుని ఉండొచ్చు, తీరా చెప్పాక మీరు అన్నదీ అలాంటి మాటే.

మెసేజ్ సంగతి. "ఎలా ఉన్నావ్" అని కాదు, "ఆ పాట ఏమైందిరా" అని అడిగాడు. టైంపాస్ అయితే 14 నెలల తర్వాత పాట గురించి ఎందుకు అడుగుతాడు? క్షమించాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. "అలాగే ఉంది, సగంలో. ఆ రోజు మీ నాన్నగారి ముందు అలా అనకుండా ఉండాల్సింది. 12 రోజుల ముందు చెప్పినందుకు నాకింకా కోపంగానే ఉంది" అని రాయండి, చాలు. కారణాలు, పాత లెక్కలు పెట్టకండి. వాళ్ళ నాన్నగారికి కూడా వీలు చూసుకుని ఒక మాట చెప్పండి.

అతని భాగాలు తీసేసే ఆలోచన మానుకోండి. అతను కట్టిన వరసల్ని ఇంకొకరి చేత వాయించినా అవి అతనివే, అడగకుండా బయటపెడితే ఇప్పటి మౌనం రేపు తగవవుతుంది. ఎన్ని నిమిషాలు రికార్డు అయిందో అంతే బయటికి తెండి, సగంలో ఆగితే ఆగనివ్వండి, అందరి పేర్లూ వెయ్యండి. దానికి కూడా ముందు అందర్నీ అడగండి. కీబోర్డ్ మీద దుప్పటి ఎప్పుడు తియ్యాలో మీ ఇష్టం, తొందరేం లేదు. నిద్ర, తిండి కూడా దెబ్బతింటుంటే మాత్రం నాకు మళ్ళీ రాసేలోపు దగ్గర్లో ఉన్న డాక్టర్‌కి చూపించుకోండి.

అందరి పేర్లూ అన్నానుగా, అందులో మొదటి డ్రమ్మర్ పేరు కూడా ఉండాలి. ఆ ఏడు మాత్రలు మీతో కూర్చుని లెక్కపెట్టినవాడు అతనే కదా. అతనికి మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యండి. లెక్కలు కుదరక మానేశాడన్నది మీ మాట, అతను ఏమంటాడో ఒకసారి వినండి.