మస్టరులో సంతకం మానొద్దు

విశాఖపట్నం,
2024 సెప్టెంబరు 19

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వరద తగ్గాక విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంట్లో బురద ఎత్తారా, గోడలు ఆరాయా అని అడుగుదామనుకుంటే, వాడు ఒకటే పాట. "అన్నయ్యా, ఇది యూనియన్ కార్యదర్శి అయ్యింది. సోమవారం నుంచి, వరదకి మునిగిన ఆ ఫ్యాక్టరీ గేటు లోపలికి ఎవరూ పోకూడదని నోటీసు రాస్తోంది. నువ్వైనా చెప్పు." ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మనింట్లో జెండా పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నా తర్వాత మనవాళ్లలో ఇంకొకరు పడతారని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు పట్టావంటే ఛాతీ ఉప్పొంగింది. ఆ నోటీసు మాత్రం అప్పుడే అతికించకు.

తేలికవి ముందు చెప్పేస్తాను. డిమాండ్లు కాగితం మీద పెట్టి, నీ దగ్గర ఉంచుకునే కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకో. మేనేజరు పిలిస్తే ఒక్కదానివే వెళ్లకు. నీళ్లలో నానిన మోటార్లను ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి చూసేదాకా ఎవర్నీ స్విచ్ వేయనివ్వకు. పీఎఫ్‌లో ఇలాంటి వైపరీత్యాలకు అడ్వాన్సు ఉంటుంది, ఇళ్లు మునిగినవాళ్ల చేత దరఖాస్తు పెట్టించు. వేళకి తిను.

ఇక అసలు సంగతి. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు. నువ్వప్పుడు స్కూల్లో చదువుతున్నావు. మూడు రోజులు ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తెలియలేదు, ఫోన్లు లేవు. బుధవారం గాజువాక నుంచి నడిచి ఫ్యాక్టరీకి వెళ్లాను. రోడ్డు మీద పడ్డ చెట్లు ఎక్కి దిగుతూ, ఒరిగిన కరెంటు స్తంభాల కింద దూరుతూ వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డు మీద ఒక్క రేకు లేదు. గేటుకి చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. తుపాను కారణంగా లే ఆఫ్, కార్మికులు ప్రతిరోజూ షిఫ్టు వేళకు వచ్చి టైమ్ ఆఫీసులో సంతకం చేయవలెను అని. లే ఆఫ్ అంటే ఉద్యోగం తీసేయడం కాదు, పని చూపించలేక కొన్నాళ్లు ఆపడం.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటి కప్పు ఎగిరిపోయి, పిల్లలకి పాలు దొరక్క, ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకుంటున్న మనుషుల్ని, పని లేకుండా, ఒక్క సంతకం కోసం ఇంత దూరం నడిపిస్తారా అని. ఆ కాగితం అక్కడే చించేశాను. పూర్తి జీతం రాసిచ్చేదాకా ఒక్కరు కూడా లోపలికి పోవద్దన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది అమ్మడూ.

గేటు బయట పడిపోయిన వేపచెట్టు మీద రోజూ కూర్చున్నాం. కరెంటు వచ్చి మిషన్లు తిరిగేసరికి దీపావళి నెత్తి మీదికొచ్చింది. జీతాల రోజు కవర్లు విప్పితే ఆ రోజులన్నిటికీ సున్నా. లేబర్ ఆఫీసుకి వెళ్లాం. యాజమాన్యం మనిషి గొంతు కూడా పెంచలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం తెరిచి, 25-ఇ సెక్షన్ మీద వేలు పెట్టి, పుస్తకం నా వైపు తిప్పాడు. ఏడాది సర్వీసు ఉన్నవాళ్లకి లే ఆఫ్ రోజుల్లో బేసిక్కు, డీఏ కలిపి సగం ఇవ్వాలని అందులో 25-సి సెక్షన్ చెప్పింది. ప్రకృతి వైపరీత్యం వల్ల పని ఆగినా ఇవ్వాల్సిందే. అయితే రోజుకొక్కసారైనా వేళకి పనికి హాజరు కాని మనిషికి ఆ హక్కు పోతుంది. నేను చించిన కాగితంలో ఉన్నది అదే. మా చేతులారా మేమే వదులుకున్నాం. నేనే వదిలించాను.

పదిహేడు మంది మాత్రం నాకు తెలియకుండా వెనక గేటు నుంచి వెళ్లి సంతకాలు పెట్టారట. వాళ్లకి సగం వచ్చింది. మేం వాళ్లని ద్రోహులన్నాం. అందులో ఒకడు నాతో పాటు అదే రోజు అదే మిషన్ మీద చేరినవాడు. ఆ వారం వాళ్ల చిన్నదానికి టైఫాయిడ్. ఆ పిల్ల పెళ్లికి నాకు శుభలేఖ ఇచ్చాడు, నేను వెళ్లలేదు. యూనియన్ రెండు ముక్కలై మళ్లీ కలవలేదు. ఆ నెల మీ పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టి మూడిళ్లకి బియ్యం కొనిచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకని, కోపం ఎంతున్నా సరే, సోమవారం నువ్వే ముందు నిలబడి అందరి చేతా సంతకాలు పెట్టించు. వేళకి వచ్చినవాళ్లకి రెండు గంటల్లోగా పని చూపించకపోతే ఆ రోజు లే ఆఫ్ కింద లెక్క. లే ఆఫ్‌లో కూడా మస్టరు, అంటే హాజరు పుస్తకం, ఉంచాల్సిన బాధ్యత యాజమాన్యానిది. పుస్తకం తడిసిందని చెప్తే నువ్వే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, పేరు, టైము, సంతకం రాయించి, రోజూ ఫోటో తీసి మేనేజరుకి పంపు. ధర్నా సంతకం అయ్యాక చెయ్యి, గొంతు పోయేదాకా కేకలెయ్యి.

మరి ఇళ్ల చుట్టూ పీకల్లోతు నీళ్లుండి కదల్లేకపోయిన రోజుల సంగతో? వాటికి చట్టంలో నేరుగా దారి లేదు, మాట్లాడే సాధించాలి. వరద నష్టం ఎన్యూమరేషన్‌లో పేరున్న ప్రతివాళ్ల వివరాలూ పోగుచెయ్యి. ఇల్లు మునిగిందని ప్రభుత్వమే రాసుకున్నాక, ఆ మనిషికి ఆబ్సెంట్ ఎలా వేస్తారని అడుగు. స్పెషల్ లీవు అడుగు. యాజమాన్యానికి ఇన్సూరెన్స్ ఎంతవరకు ఉందో కూడా అడుగు. లాస్ ఆఫ్ ప్రాఫిట్ పాలసీ (పని ఆగినందుకు పోయిన లాభానికి బీమా) ఉంటే అందులో జీతాలు చేర్చుకునే వీలుంటుంది. వాళ్ల సరుకూ మునిగింది, అది అబద్ధం కాదు. ఆ మాట నువ్వే ముందు అంటే వాళ్లు కాస్త మెత్తబడతారు.

బురద ఎత్తమంటే ఠక్కున కాదనకు. నైపుణ్యం అక్కర్లేని ప్రత్యామ్నాయ పని అదే జీతానికి ఇస్తామన్నాక వద్దంటే ఆ పరిహారమూ పోతుంది. పూర్తి జీతమని రాయించుకుని, గమ్‌బూట్లు, గ్లౌజులు ఇచ్చాకే దిగమను. ఆ బురదలో పాములుంటాయి, గాజుపెంకులుంటాయి. నువ్వు మాత్రం చెప్పులతో దిగేస్తావని నా భయం.

బదిలీవాళ్లు (రానివాళ్ల స్థానంలో పనిచేసేవాళ్లు), కాంట్రాక్టువాళ్ల సంగతి మర్చిపోకు తల్లీ. లే ఆఫ్ పరిహారం బదిలీ, క్యాజువల్ మనుషులకి వర్తించదు. మేం ఆనాడు వాళ్ల ఊసే ఎత్తలేదు. వాళ్ల డిమాండు నీ కాగితంలో మొదటి పేరాలో పెట్టు. ఒప్పందం మేనేజరు గదిలో ముగించకు, లేబర్ అధికారి ఎదుట రాజీలో రాయించు. అలా రాసిందైతే సభ్యులు కానివాళ్లకీ వర్తిస్తుంది.

ఆదివారం రత్నాచల్‌కి టికెట్ తీసుకున్నాను. స్టేషన్‌కి రావద్దు, మీ నాన్నని పంపు. సోమవారం షిఫ్టు వేళకి నేనూ గేటు దగ్గరే ఉంటాను, మాట్లాడను, పక్కన నిలబడతాను. మీ పెద్దమ్మ నీకు జీడిపప్పు పాకం కట్టిస్తోంది. నోట్‌బుక్కులు రెండు నేనే కొన్నాను, గీతలు కూడా గీసేశాను.

మీ పెదనాన్న