రాష్ట్రపతి దినచర్య: విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు రాష్ట్రపతి రోజువారీ కార్యక్రమాల గురించే ఉన్నాయి. ఒకే విషయం అడిగిన వారి ప్రశ్నలను ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: "ఫలానావారు రాష్ట్రపతిని మర్యాదపూర్వకంగా కలిశారు" అన్న వార్త తప్ప పత్రికలలో మరొకటి కనిపించదు. పురస్కారాలు అందజేయడం, విదేశీ అతిథులకు స్వాగతం పలకడం, స్నాతకోత్సవాలలో ప్రసంగించడం, ఇంతేనా దేశాధినేత పని? ఉత్సవ విగ్రహం అని మావంటివారు అనుకుంటే తప్పేమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ ఆక్షేపణలో సగం న్యాయం ఉంది. పత్రికలకు అందేది ఒక ఫొటో, దాని కింద రెండు వాక్యాలు కాబట్టి, ఫొటోకు అందని పని ఏదీ పాఠకుల కంట పడదు. పార్లమెంటు ఆమోదించిన బిల్లులు రాజ్యాంగంలోని 111వ అధికరణం కింద సంతకానికి వస్తాయి. సభలు జరగని కాలంలో 123వ అధికరణం కింద ఆర్డినెన్సులు వస్తాయి. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల నియామకాలు, గవర్నర్ల నియామకాలు, ఉరిశిక్ష పడినవారు 72వ అధికరణం కింద పెట్టుకునే క్షమాభిక్ష అర్జీలు, ఇవన్నీ ఫైళ్ల రూపంలో ఆ బల్ల మీదికే చేరుతాయి. వాటిని చదవడానికి పట్టే గంటలు మాత్రం కార్యక్రమాల పట్టికలో ఎక్కడా కనిపించవు.

చరిత్రలో మిగిలిపోయిన సంతకాలు కొన్ని పట్టికలో లేని వేళల్లో పడినవే. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రాత్రి బాగా పొద్దుపోయాక సంతకం చేయగా, కేంద్ర మంత్రివర్గం దానికి ఆమోదం తెలిపింది మరునాటి ఉదయం. 2005 మే నెలలో బిహార్ శాసనసభ రద్దుకు సంబంధించిన పత్రం అబ్దుల్ కలాం మాస్కోలో అధికారిక పర్యటనలో ఉండగా ఆయనకు చేరింది. అక్కడి నుంచే ఆయన ఆమోదం తెలిపారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తరువాత తేల్చింది. ఆ రెండు తేదీల నాటి సమావేశాల జాబితాలు తిరగేసినా దేశంలో ఏమి జరిగిందో ఎవరికీ బోధపడదు.

అలాగని రాష్ట్రపతి తన ఇష్టానుసారం నడుచుకోగలరని కాదు. 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. 1978 నాటి 44వ సవరణ వల్ల ఆ సలహాను పునరాలోచించమని ఒకసారి తిప్పి పంపవచ్చు. తిరిగి అదే సలహా వస్తే అంగీకరించక తప్పదు. బిల్లుల విషయంలోనూ దాదాపు ఇదే పద్ధతి. ఎంపీలు కొన్ని పదవులలో ఉన్నా సభ్యత్వం కోల్పోకుండా మినహాయించే లాభదాయక పదవుల బిల్లును 2006లో కలాం వెనక్కి పంపారు. పార్లమెంటు దానిని మార్చకుండా మళ్లీ ఆమోదించింది. ఆయన సంతకం చేశారు. ఇందులో రాష్ట్రపతి ఓడిపోయారని అనేవారున్నారు. ఒక ప్రశ్న దేశమంతటా చర్చకు రావడానికి ఆ కొన్ని వారాలు ఉపయోగపడ్డాయన్నది మా అభిప్రాయం.

మీరు కొట్టిపారేసిన ఆ "మర్యాదపూర్వక" వార్తలలో కూడా ఒకదానిని వేరుగా చూడవలసి ఉంటుంది. "ప్రధానమంత్రి రాష్ట్రపతిని కలిశారు" అన్న ఒక్క వాక్యం వెనుక 78వ అధికరణం ఉంది. మంత్రిమండలి నిర్ణయాలను రాష్ట్రపతికి తెలియజేయడం, అడిగిన సమాచారం ఇవ్వడం ప్రధానమంత్రి విధి. ఈ కలయికలు జరిగినంత కాలం ఎవరూ పట్టించుకోరు. జైల్ సింగ్ రాష్ట్రపతిగా, రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉన్న చివరి రోజులలో ఇవి సన్నగిల్లినప్పుడు మాత్రం దేశమంతా అదే చర్చించుకుంది. బడ్జెట్ నాటి ఉదయం ఆర్థికమంత్రి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన తరువాతే పార్లమెంటుకు వెళతారు. 2024 ఫిబ్రవరి 1న ద్రౌపది ముర్ము నిర్మలా సీతారామన్‌కు చెంచాతో పెరుగు, పంచదార తినిపించిన ఫొటో మీరు చూసే ఉంటారు. శుభకార్యానికి బయలుదేరేవారికి ఇంటి పెద్దలు చేసే పనే అది. అయితే ఆర్థికమంత్రి అక్కడికి వెళ్లేది పెరుగు కోసం కాదు. రాష్ట్రపతి సిఫారసు లేనిదే ద్రవ్య బిల్లు లోక్‌సభలోకి రాదని 117వ అధికరణం చెబుతోంది.

అమెరికాలో దేశాధినేత, ప్రభుత్వాధినేత ఒక్కరే కావడం వల్ల గూఢచారి సంస్థల నివేదికా, పండుగ పూట అతిథుల స్వాగతమూ ఒకే మనిషి డైరీలో పడతాయి. మన రాజ్యాంగం ఆ రెండింటినీ ఇద్దరికి పంచింది. అందుచేత మన రాష్ట్రపతి పట్టికలో వేడుకలు ఎక్కువగా కనిపించడం సహజం.

ప్రశ్న: కొత్త రాయబారులు రాష్ట్రపతికి ఏవో పత్రాలు అందజేస్తున్న ఫొటోలు తరచుగా వస్తుంటాయి. ఒకే రోజు నలుగురైదుగురు వరుసగా కనిపిస్తారు. ఆ పత్రాలలో ఏముంటుంది?
— గృహిణి, గాజువాక

జవాబు: అది ఒక దేశాధినేత మరొక దేశాధినేతకు రాసే ఉత్తరం. ఫలానా వ్యక్తిని మా రాయబారిగా పంపుతున్నాము, ఆయన మా తరఫున చెప్పే మాటను నమ్మవలసింది అని అందులో కోరతారు. దానిని మన ప్రధానమంత్రికో విదేశాంగ మంత్రికో ఇస్తే సరిపోదు, రాష్ట్రపతి చేతికే ఇవ్వాలి. మన రాయబారి ఇంకొక దేశానికి వెళ్లినప్పుడు తీసుకువెళ్లే ఉత్తరం కూడా రాష్ట్రపతి పేరు మీదనే ఉంటుంది.

మొత్తం వేడుక కొద్ది నిమిషాలదే. గౌరవ వందనం స్వీకరించిన రాయబారి హాలులోకి నడిచివచ్చి, నిలబడి ఉన్న రాష్ట్రపతికి రెండు చేతులతో ఉత్తరం అందజేస్తారు. తరువాత కాసేపు ముచ్చటించుకుంటారు. ఇంతకు కూడా వరుస క్రమం ఉంటుంది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఒకే రోజు పత్రాలు ఇచ్చేవారిలో ముందు ఎవరు, వెనుక ఎవరు అన్నది వారు దేశంలో అడుగుపెట్టిన తేదీ, సమయాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పెద్ద దేశం, చిన్న దేశం అన్న తేడా లేదు. అటుపిమ్మట రాజధానిలో జరిగే ప్రతి విందులోనూ ఒక హోదాకు చెందిన రాయబారుల వరుస వారు బాధ్యతలు చేపట్టిన తేదీని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ ఉదయం ఎవరు ముందు నిలిచారన్నది వారికి చిన్న విషయం కాదు.

ప్రశ్న: గంభీరంలోని ఐఐఎంకు రాష్ట్రపతి విజిటర్ అంటారు, మా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మాత్రం గవర్నరే పెద్ద. మా స్నాతకోత్సవాలకు రాష్ట్రపతి ఎందుకు రారు?
— విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: ఆంధ్ర విశ్వవిద్యాలయం రాష్ట్ర చట్టం కింద నడుస్తుంది కనుక దాని కులపతి గవర్నరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు, ఐఐటీలకు, ఎన్ఐటీలకు రాష్ట్రపతి విజిటర్, అంటే చట్టం ప్రకారం వాటికి పైనుండే పెద్ద. ఐఐఎంలకు ఈ ఏర్పాటు 2023 సవరణ చట్టంతో వచ్చింది. రాష్ట్రపతి పట్టికలో స్నాతకోత్సవాలు అన్ని ఉండటానికి కారణం ఇదే. నిజానికి వాటి సంఖ్య కొంత తగ్గినా దేశానికి నష్టం లేదని మాకు అనిపిస్తుంది.

రాష్ట్రపతి రాలేదని మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు. 1931 నుంచి 1936 వరకు మీ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయ్యారు.

ప్రశ్న: రాష్ట్రపతి నగరానికి వస్తున్నారంటే చాలు, బీచ్ రోడ్డులో బారికేడ్లు వెలుస్తాయి, రెండు రోజుల ముందు నుంచే కాన్వాయ్ రిహార్సల్ అంటూ ట్రాఫిక్ ఆపుతారు. వారు ఇక్కడ ఉండేది కొన్ని గంటలు. ఆ "మినిట్ టు మినిట్" కార్యక్రమం ఎవరు తయారుచేస్తారు? కాస్త సడలిస్తే ఏమవుతుంది?
— చిన్నవాల్తేరు నివాసులు కొందరు

జవాబు: ఢిల్లీలో రాష్ట్రపతి సచివాలయం, రాష్ట్రపతి సైనిక కార్యదర్శి కార్యాలయం, ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వ ప్రోటోకాల్ విభాగం, జిల్లా కలెక్టరు, పోలీసు కమిషనరు, విశాఖ విషయంలో తూర్పు నౌకాదళం, అందరూ కూర్చొని దానిని ఖరారు చేస్తారు. విమానం ఆగే నిమిషం దగ్గర మొదలై, స్వాగత వరుసలో ముందు గవర్నరు, తరువాత ముఖ్యమంత్రి, ఆపైన ఎవరెవరు, పుష్పగుచ్ఛం ఎవరు ఇస్తారు, కారు తలుపు ఎటువైపు తెరుచుకుంటుంది అన్నంత వరకు అందులో రాసి ఉంటుంది. జాతీయ గీతానికి పట్టే 52 సెకన్లను కూడా రాకకు ఒకసారి, పోకకు ఒకసారి లెక్కలో వేస్తారు. అదనపు కారు, అంబులెన్సు, వైద్యుల బృందం, సరిపడే గ్రూపు రక్తం సిద్ధంగా ఉంటాయి.

సడలింపు ఎందుకు కుదరదో 2022 డిసెంబరు 4 నాటి పర్యటన చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది నౌకాదళ దినోత్సవాన్ని ఢిల్లీకి బదులు మన ఆర్కే బీచ్‌లో జరిపారు. ద్రౌపది ముర్ము ఉదయం విజయవాడ చేరి, పోరంకిలో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన పౌరసన్మానం స్వీకరించి, మధ్యాహ్నం విశాఖ వచ్చి, యుద్ధనౌకల, విమానాల విన్యాసాలు తిలకించి, రాత్రికి తిరుపతి చేరారు. మరునాడు తిరుమల శ్రీవారి దర్శనం. డిసెంబరు మొదటివారంలో మన తీరంలో సుమారు 5 గంటల 20 నిమిషాలకే సూర్యాస్తమయం. మెరైన్ కమాండోలు హెలికాప్టరు నుంచి దిగేది, యుద్ధవిమానాలు తలపై నుంచి దూసుకుపోయేది వెలుతురు ఉండగానే జరగాలి. విజయవాడ సభలో ఒక వక్త అరగంట ఎక్కువ మాట్లాడితే ఇక్కడ సముద్రం మీద వేచి ఉన్న నౌకలన్నింటి లెక్క తప్పుతుంది. అందుకే అటువంటి సభలలో వక్తల సంఖ్యనూ, వారి నిమిషాలనూ ముందే కోసేస్తారు. స్థానిక నాయకులకు ఇది నచ్చదు.

నౌకాదళ సమీక్ష సంగతి ఇంకా కట్టుదిట్టం. సర్వసేనాధిపతిగా రాష్ట్రపతి తన పదవీకాలంలో ఒకసారి నౌకాదళాన్ని సమీక్షించడం ఆనవాయితీ. మొదటిది 1953లో బొంబాయిలో రాజేంద్ర ప్రసాద్ చేశారు. విశాఖకు ఆ గౌరవం 2006 ఫిబ్రవరి 12న కలాంతో దక్కింది. 2016లో ప్రణబ్ ముఖర్జీ అంతర్జాతీయ సమీక్ష, 2022 ఫిబ్రవరి 21న రామ్‌నాథ్ కోవింద్ సమీక్ష ఇక్కడే జరిగాయి. ఆ ఉదయం 21 తుపాకుల వందనం అయ్యాక రాష్ట్రపతి ఐఎన్ఎస్ సుమిత్ర ఎక్కారు. రాష్ట్రపతి నౌకగా దాని పక్కన అశోక చిహ్నం, స్తంభం మీద రాష్ట్రపతి పతాకం ఉంటాయి. లంగరు వేసి వరుసలుగా నిలిచిన నౌకల నడుమ నుంచి అది నెమ్మదిగా సాగుతుంటే, ఒక్కొక్క నౌక దగ్గరకు వచ్చేసరికి అంచు పొడవునా తెల్లని దుస్తులలో నిలిచిన నావికులు టోపీలు తీసి పైకెత్తి మూడుసార్లు జయధ్వానం చేస్తారు. ఒక్కొక్క జయధ్వానానికి రాష్ట్రపతి వందనం స్వీకరించాలి. ఆనాడు 60కి పైగా నౌకలు, జలాంతర్గాములు, 55 విమానాలు పాల్గొన్నాయి. అంత సేపు ఎండలో, కదులుతున్న డెక్కు మీద నిలబడటం శరీర శ్రమే. మొదటి ఉత్తరంలోని ఉత్సవ విగ్రహం మాటకు ఇది కూడా ఒక జవాబు.

కలాం అయితే సమీక్షతో ఆగలేదు. మరునాడు ఐఎన్ఎస్ సింధురక్షక్‌లో ఇక్కడి సముద్రగర్భంలోకి వెళ్లి, జలాంతర్గామిలో ప్రయాణించిన తొలి భారత రాష్ట్రపతి అయ్యారు.

ట్రాఫిక్ గురించి మీ ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. భద్రతకు కావలసింది కాన్వాయ్ కదిలే సమయంలో ఖాళీ దారి. రిహార్సల్ వేళలను, మళ్లింపు మార్గాలను ముందురోజే పత్రికలలో స్పష్టంగా ప్రకటిస్తే ఆసుపత్రికి వెళ్లేవారికి, పరీక్ష రాసేవారికి ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: రాష్ట్రపతికి సెలవులు ఉంటాయా?
— పాఠకుడు, భీమిలి

జవాబు: విడిది ఉంటుంది, సెలవు ఉండదు. వేసవిలో సిమ్లా దగ్గర మశోబ్రాలోని నివాసానికి, శీతకాలంలో హైదరాబాదు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి వెళ్లే ఆచారం ఉంది. ఫైళ్లు వెంట వెళతాయి.

ప్రశ్న: సామాన్యులు రాష్ట్రపతికి తమ గోడు చెప్పుకోవచ్చా? ఆ భవనాలు చూడవచ్చా?
— చిరుద్యోగి, పెందుర్తి

జవాబు: అర్జీ పెట్టుకోవచ్చు. తపాలాలోనైనా, సచివాలయం వారి ఆన్‌లైన్ పోర్టల్‌లోనైనా పంపవచ్చు. అయితే పింఛను, భూమి తగాదా, బదిలీ వంటి వాటిపై రాష్ట్రపతి స్వయంగా ఉత్తర్వు ఇవ్వరు. సచివాలయం ఆ అర్జీని సంబంధిత మంత్రిత్వ శాఖకో, రాష్ట్ర ప్రభుత్వానికో పంపుతుంది. కాబట్టి అర్జీలో ఏ శాఖ, ఏ జిల్లా, ఏ తేదీన ఇచ్చిన దరఖాస్తు అన్నది మొదటి పేరాలోనే రాయండి. కష్టాల వర్ణన ఆ తరువాత ఉండవచ్చు.

ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్‌ను ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకొని చూడవచ్చు. మన ప్రాంతంవారికి దగ్గర బొల్లారమే. 1860లో కట్టిన ఆ ఒంటి అంతస్తు భవనాన్ని, దాని తోటలను 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంచుతున్నారు. సోమవారం సెలవు. రాష్ట్రపతి శీతకాల విడిదికి వచ్చిన రోజులలో లోపలికి అనుమతించరు కనుక, డిసెంబరులో వెళ్లదలచినవారు ఆ తేదీలు చూసుకొని మరీ రైలు టిక్కెట్టు రిజర్వు చేసుకోవాలి.