ఎంజీబీ: రంగేశాక స్టార్ట్ అవ్వట్లేదంటే ఎర్త్ చూడండి

తప్పు స్టార్టర్‌ది కాదండి, కొత్త రంగుది. మీ 1965 ఎంజీబీకి (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బాడీ అంతా రంగేయించి, కొత్త స్టార్టర్ పెట్టినా తాళం తిప్పితే టక్ మని ఆగిపోతోందన్నారు, పైగా చోక్ కేబుల్ వేడెక్కుతోందన్నారు కదా, అక్కడే దొరికిపోయింది. ఇంజిన్‌కీ బ్యాటరీకీ మధ్య బాడీ మీదుగా కరెంటు నడిచే దారే ఎర్త్. అది సరిగ్గా లేక కరెంటు ఆ సన్నని కేబుల్లోంచి పోతోంది.

1. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. అందుకే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఉండాలి. ఇంజిన్ దింపి ఎక్కించేటప్పుడు చాలామంది మర్చిపోయేది దాన్నే.

2. పట్టీ ఉన్నా బోల్టు కింద రంగూ ప్రైమరూ ఉంటే లేనట్టే. బ్యాటరీ వైర్లు తీసేసి, రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకండి (కొత్త రంగు గీకాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, తప్పదు), బిగించాక పైన వాజలైన్ రాయండి. సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీల ఎర్త్ వైరు దగ్గరా ఇదే పని.

3. స్టార్ట్ చేస్తుండగా ఇంజిన్ బ్లాకుకీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య వోల్ట్ మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు.

అన్నట్టు, మీ బండిలో బాడీకి కలిసేది పాజిటివ్. ఆటోనగర్‌లో బ్యాటరీ బిగించే కుర్రాడు అలవాటు కొద్దీ నెగటివ్ కలిపేస్తాడు, పక్కనే నిలబడండి.