సీబ్రీమ్ చేపను చదవబోయే అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చి. కుమారి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు నువ్వు బంగారు గీతల సీబ్రీమ్‌ను, అంటే రాబ్డోసార్గస్ సార్బాను తీసుకున్నావని మీ నాన్న చెప్పగా విని చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి జంతుశాస్త్రం బోధించిన అనుభవంతో నీకు ముందుగా చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ చేపను రంగును నమ్మి గుర్తించవద్దు, నోరు తెరిచి పళ్ళు చూడు.

ప్రాణంతో ఉన్నప్పుడు దాని వెండి రంగు ఒంటిమీద, పొలుసుల వరుసల వెంబడి, సన్నని పసుపు గీతలు మెరుస్తుంటాయి. ఐసులో పెట్టి గుంటూరు మార్కెట్‌కు తెచ్చేసరికి ఆ మెరుపు చాలావరకు పోతుంది గనుక, అదే స్పారిడే కుటుంబానికి చెందిన అకాంథోపాగ్రస్ బెర్డాతో అది సులభంగా కలిసిపోతుంది. రెండూ ఎత్తైన, పక్కలు నొక్కినట్టుండే శరీరం గలవే. రెండింటికీ వీపు వాజంలో, అంటే వీపు మీది రెక్కలో, 11 ముళ్ళు ఉంటాయి కాబట్టి వాటిని లెక్కపెట్టి ప్రయోజనం లేదు. పాయువాజం, అంటే మలద్వారం వెనుక అడుగున ఉండే రెక్క, చూడు. సార్బాలో మెత్తని కిరణాలు, అంటే ముల్లులా గుచ్చుకోకుండా వంగే ఊచలు, సాధారణంగా 11 ఉంటాయి, బెర్డాలో 8 లేదా 9 మాత్రమే. పైగా బెర్డాకు ఆ వాజపు రెండో ముల్లు బాగా లావుగా, మూడోదానికంటే పొడవుగా ఉంటుంది. ఇక నోటి విషయానికి వస్తే, సార్బా దవడల ముందు భాగంలో ఉలి అంచులాంటి చదును పళ్ళు, వెనుక వరుసలుగా నమిలేందుకు పనికొచ్చే గుండ్రని దంతాలు (చర్వణకాలు) ఉండి, అన్నిటికంటే వెనుకనున్నది అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఎర్రసముద్రపు చేపలను చూసి ఫోర్స్‌కోల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త చేసిన ఈ రెండింటి వర్ణన ఆయన మరణానంతరం 1775లో వెలువడింది. నేటికీ విద్యార్థులు వీటిని తారుమారు చేస్తూనే ఉన్నారు.

ఆ పళ్ళతోనే అది గుల్లలను, పీతలను నలిపి తింటుంది. అందువల్ల పొట్టలో నీకు దొరికేవి ఎక్కువగా పెంకుల ముక్కలే. మెత్తని ఆహారం త్వరగా జీర్ణమైపోతుంది కనుక చేప చేతికి రాగానే పొట్ట కోసి భద్రపరచుకో.

ఎక్కడ పట్టారన్నది రాసుకోని నమూనాను నేనైతే లెక్కలోకి తీసుకోను. పెద్ద చేపలు తీరానికి దగ్గరి లోతు తక్కువ సముద్రంలో తిరుగుతూ అక్కడే గుడ్లు పెడతాయి. గుడ్లు నీటిలో తేలుతాయి. పిల్లలు నది సముద్రంలో కలిసే అలివిలోకి, మడ అడవుల ఉప్పుటేళ్ళలోకి చేరి పెరుగుతాయి. కాబట్టి నిజాంపట్నం హార్బర్‌లో దిగిన చేపలొక్కటే చూస్తే నీకు ఈ చేప జీవితంలో సగమే తెలుస్తుంది. నాగాయలంక వైపు కృష్ణా పాయల్లో వలలు వేసేవారిని కూడా కలుసుకుని, పోటు మీద పట్టారా, పాటు మీద పట్టారా అని అడిగి, ఆ నీటి ఉప్పదనాన్ని కొలిచి రాసుకో.

నన్ను ఎక్కువగా ఆకర్షించేది దీని లింగ స్వభావం. హాంకాంగ్ ప్రాంతపు సార్బాలు మొదట మగవిగా ఉండి, తరవాత ఆడవిగా మారతాయని పరిశోధకులు గుర్తించారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మాత్రం పిల్లచేపల్లో ఆడ, మగ రెండు రకాల కణజాలమూ ఉన్నా, పెరిగాక ఒక్కొక్కటి మగగానో ఆడగానో స్థిరపడుతుందని తేలింది. మన తీరపు చేప ఏ దారిన నడుస్తుందో ముందే నిర్ణయించుకుని బయలుదేరకు. అన్ని పరిమాణాల చేపలనూ సేకరించి, బీజకోశాలను (గుడ్లు, వీర్యం తయారయ్యే అవయవాలను) కణజాలం పాడవకుండా కాపాడే బూయిన్స్ ద్రవంలో ఉంచి, పలుచని కోతలు తీసి సూక్ష్మదర్శినిలో చూడు. డి.ఎన్.ఎ. కోసం వాజం ముక్కను చేపను ఫార్మలిన్‌లో వేయకముందే కత్తిరించి ఆల్కహాల్‌లో వేయాలని మరవకు. పట్టుకునేటప్పుడు అరచేతిని తలవైపు నుంచి తోకవైపుకు జరిపితే ముళ్ళు అణిగి ఉంటాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. కాబట్టి సముద్రపు నమూనాలను మార్చి నెలాఖరులోగా పూర్తిచేసుకుని, ఆ తరవాత ప్రయోగశాలలో కోతల పని పెట్టుకో.

నీ పెదనాన్న